కమాండ్ లైన్ పరికరాలతో ప్రాజెక్టు సెట్టింగుల సవరణ

అద్దెకు తీసుకున్న సర్వర్లు, నిల్వ స్థలం, నెట్‌వర్కు, వాటిని వాడుకునే హక్కులు, వాటికయ్యే ఖర్చు, వీటన్నిటినీ ఒక పేరు కింద చేర్చి ఉంచే పద్దును క్లౌడ్ కంప్యూటింగులో ప్రాజెక్టు అంటారు. గూగుల్ క్లౌడ్‌లోనూ ఓపెన్‌స్టాక్‌లోనూ ఈ మాటే వాడుకలో ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో దాదాపు ఇదే పనిని అకౌంటు చేస్తుంది, మైక్రోసాఫ్ట్ అజూర్‌లో సబ్‌స్క్రిప్షన్ చేస్తుంది. ప్రాజెక్టు పేరు, వివరణ, లేబుళ్లు, బిల్లు కట్టే ఖాతా, ఎవరికి ఏ హక్కు, ఎన్ని యంత్రాల దాకా వాడవచ్చు, ఏ ప్రాంతపు డేటా సెంటర్లలో నడపవచ్చు అనేవన్నీ దాని సెట్టింగులు. వీటిని బ్రౌజరులో బటన్లు నొక్కి మార్చవచ్చు, లేదా టెర్మినల్‌లో ఒక ఆదేశం టైపు చేసి మార్చవచ్చు. యంత్రాలు పదుల్లోకి పోయి, మనుషులు ఇద్దరు ముగ్గురికి మించినప్పుడు రెండో పద్ధతే నిలుస్తుంది. ఏం చేశారో అక్షరాలా మిగులుతుంది, అదే పనిని రేపు మళ్లీ చేయవచ్చు, మరొకరు చదివి సరిచూడవచ్చు. ఆదేశాలను రోమన్ లిపిలో టైపు చేయాలి. కింద వాటి ఉచ్చారణ మాత్రమే ఉంది.

సెట్టింగు ఎక్కడ ఉంటుంది

ఈ పరికరాలతో పని మొదలుపెట్టినవారిని అన్నిటికంటే తికమక పెట్టేది ఆదేశాల సంఖ్య కాదు. సెట్టింగు అనే ఒకే మాట వేర్వేరు చోట్ల ఉన్న వేర్వేరు వస్తువులకు చెల్లడం.

మొదటిది ఆపరేటరు సొంత కంప్యూటరులో ఉంటుంది. ‘జీక్లౌడ్ కాన్ఫిగ్ సెట్ ప్రాజెక్ట్’ అని టైపు చేస్తే గూగుల్ దగ్గర ఒక్క అక్షరం కూడా మారదు. ఇకమీదట ఇచ్చే ఆదేశాలు ఏ ప్రాజెక్టును ఉద్దేశించినవో ఆ కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది, అంతే. అజూర్‌లో ‘ఏజెడ్ అకౌంట్ సెట్’, కూబర్నెటిస్‌లో ‘కాన్ఫిగ్ యూజ్ కాంటెక్స్ట్’, అమెజాన్ పరికరంలో ప్రొఫైల్ ఇలాంటివే. రెండోది క్లౌడ్ సంస్థ దగ్గర నిజంగా అమలులో ఉన్న విలువ. ‘జీక్లౌడ్ ప్రాజెక్ట్స్ అప్‌డేట్’ అన్నప్పుడు, ఓపెన్‌స్టాక్‌లో ‘ప్రాజెక్ట్ సెట్’ అన్నప్పుడు మారేది ఇది. చూడడానికి పై ఆదేశానికి కవల పిల్లలా ఉంటుంది గానీ దీని ఫలితం అందరికీ తగులుతుంది.

మూడోది ఫైలు. టెర్రాఫామ్, ఓపెన్‌టోఫు, పులుమి వంటి పరికరాల్లో ప్రాజెక్టు ఎలా ఉండాలో ముందు ఒక ఫైలులో రాస్తారు. ‘పులుమి కాన్ఫిగ్ సెట్’ ఆ ఫైలులో ఒక విలువను మార్చి ఊరుకుంటుంది. ‘పులుమి అప్’ నడిపేదాకా బయటి ప్రపంచానికి ఆ సంగతి తెలియదు. ఈ పరికరాలు తాము చివరిసారి చూసిన స్థితిని ‘స్టేట్’ అనే వేరే ఫైలులో దాచుకుంటాయి. ఈ స్టేట్‌కీ నిజానికీ తేడా వస్తే దాన్ని డ్రిఫ్ట్ అంటారు. ఒకరు అర్ధరాత్రి తొందరలో బ్రౌజరులోకి వెళ్లి ఒక విలువ మార్చి, ఫైలులో రాయడం మరిచిపోతారు. వారం తర్వాత మరొకరు ఫైలును అమలు చేస్తే ఆ మార్పు నిశ్శబ్దంగా వెనక్కి పోతుంది. ఇక్కడ పరికరం తప్పు చేయలేదు, చెప్పిందే చేసింది.

ఒకే సెట్టింగుకు రెండు మూడు చోట్ల విలువ ఇచ్చి ఉంటే ఏది చెల్లుతుందన్నది మరో చిక్కు. దీనికి అన్ని పరికరాలకూ ఒకే నియమం లేదు. అమెజాన్ పరికరంలో ఆదేశంతో పాటు రాసినది మొదట చెల్లుతుంది, తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, చివరికి కాన్ఫిగ్ ఫైలు. టెర్రాఫామ్‌లో ఆదేశంతో రాసినదే పైచేయి అయినా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ స్థానం ఫైలు కంటే కింద. ఒకదానికి అలవాటు పడ్డ చెయ్యి రెండోదానిలో అదే ఆశిస్తే, ఎంత మార్చినా పాత విలువే వస్తోందని గంటల తరబడి వెతుక్కోవాల్సి వస్తుంది.

నేపథ్యం

యంత్రాల అమరికను చేతితో కాకుండా రాతతో నడపాలన్న ఆలోచన క్లౌడ్ కంటే పాతది. మార్క్ బర్జెస్ ఓస్లోలో 1993లో మొదలుపెట్టిన సీఎఫ్‌ఇంజిన్ ఈ వరుసలో ముందుంది. 2005లో పపెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. ఇవి ఉన్న సర్వర్ల లోపలి అమరికను చూసుకునేవి. 2006లో అమెజాన్ నిల్వనూ సర్వర్లనూ అద్దెకివ్వడం మొదలుపెట్టాక సర్వర్లను సృష్టించడమే ఒక ఆదేశం అయిపోయింది. నాసా, రాక్‌స్పేస్ కలిసి 2010లో ప్రారంభించిన ఓపెన్‌స్టాక్ ఇదే వసతిని సొంత యంత్రాల మీద ఏర్పాటు చేసుకునే వీలు కల్పించింది. అమెజాన్ ఏకీకృత కమాండ్ లైన్ పరికరం 2013లో స్థిరపడింది. 2014లో హాషీకార్ప్ టెర్రాఫామ్‌ను విడుదల చేసింది.

2023 ఆగస్టులో హాషీకార్ప్ టెర్రాఫామ్ లైసెన్సును బిగించడంతో దాని పాత కోడు నుంచి ఓపెన్‌టోఫు వేరుపడి లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. హాషీకార్ప్‌ను 640 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఐబీఎం 2024 ఏప్రిల్‌లో ప్రకటించి, 2025 ఫిబ్రవరిలో ఆ ప్రక్రియ పూర్తిచేసింది. 2019లోనే రెడ్ హ్యాట్‌తో పాటు ఆన్సిబుల్ కూడా ఐబీఎం గూటికి చేరింది. ఈ రెండు కొనుగోళ్లలోనూ ముఖ్యపాత్ర పశ్చిమ గోదావరిలో పుట్టిన అరవింద్ కృష్ణది. మొదటిసారి ఆయన ఐబీఎం క్లౌడ్ విభాగాన్ని నడుపుతున్నారు, రెండోసారికి సంస్థ అధిపతి. అజూర్‌ను పెంచిన సత్య నాదెళ్ల హైదరాబాదువారు. ఈ రంగంలో తెలుగువారి వాటా గురించి చెప్పడానికి వీరిద్దరి పేర్లే తరచు వినిపిస్తాయి గానీ, రోజూ ఆదేశాలు టైపు చేసే చేతుల సంగతి అలా లెక్కకు రాదు.

మార్పు జరిగే క్రమం

విరుదునగర్ నూనెలకూ మిరపకాయలకూ పప్పుధాన్యాలకూ పేరుమోసిన టోకు మార్కెట్టు. అక్కడి ఒక వ్యాపార సంస్థ తన రోజువారీ ధరల పట్టికను ఊరూరి దుకాణదారుల ఫోన్లకు అందించే చిన్న వ్యవస్థను క్లౌడ్‌లో పెట్టుకుందని అనుకుందాం. దాని ప్రాజెక్టులు రెండు: ఒకటి అసలుది, ఒకటి పరీక్షలకు. అసలుదానికి ‘ఖర్చు విభాగం’ అనే లేబుల్ తగిలించాలి. చేయవలసింది ఒక్క ఆదేశమే. దానికి ముందూ వెనకా చేయవలసినవే ఎక్కువ.

మొదట, ఇప్పుడు తాను ఎవరిగా, ఏ ప్రాజెక్టులో ఉన్నాడో ఆపరేటరు పరికరాన్ని అడగాలి. గూగుల్ పరికరంలో ‘కాన్ఫిగ్ లిస్ట్’, అమెజాన్‌లో ‘గెట్ కాలర్ ఐడెంటిటీ’, అజూర్‌లో ‘అకౌంట్ షో’ ఈ జవాబు ఇస్తాయి. ఐదు సెకన్ల పని. మార్పు ఆదేశంలోనే ప్రాజెక్టు పేరును విడిగా రాయడం ఇంకా మంచిది. కంప్యూటరు గుర్తుపెట్టుకున్నదాని మీద ఆధారపడనక్కరలేదు.

తర్వాత ఉన్న విలువను చదివి ఒక ఫైలులో దాచుకోవాలి. ఇది అతిజాగ్రత్తలా కనిపిస్తుంది గానీ కాదు. ఎందుకంటే ‘సెట్’, ‘పుట్’, ‘అప్‌డేట్’, ‘యాడ్’ అనే క్రియలు ఒక్కో పరికరంలో ఒక్కో అర్థంలో పనిచేస్తాయి. అమెజాన్ నిల్వ బకెట్టుకు ‘పుట్ బకెట్ ట్యాగింగ్’ అనే ఆదేశంతో ఒక కొత్త ట్యాగ్ ఇస్తే, అది పాత ట్యాగులకు తోడవదు. పాతవాటినన్నిటినీ తుడిచేసి ఈ ఒక్కదాన్నే ఉంచుతుంది. గూగుల్‌లో హక్కుల విషయంలో ‘సెట్ ఐయామ్ పాలసీ’ మొత్తం హక్కుల పట్టికను మార్చివేస్తుంది. ‘యాడ్ ఐయామ్ పాలసీ బైండింగ్’ ఒక్క వరుసను మాత్రమే చేరుస్తుంది. మొదటిదాన్ని అరకొర పట్టికతో నడిపినవారు తమ హక్కునే పోగొట్టుకుని, దాన్ని తిరిగి తెచ్చుకునే అధికారం కూడా లేక బయట నిలబడాల్సి వస్తుంది. అజూర్ ట్యాగుల ఆదేశం ఈ విషయంలో మర్యాదగా ఉంటుంది: కలపాలా, మార్చివేయాలా, తొలగించాలా అని ముందే తేల్చి చెప్పమంటుంది. మిగతావారు కూడా ఈ పద్ధతినే పాటించి ఉంటే బాగుండేది.

ఇద్దరు ఒకేసారి మారుస్తుంటే రెండోవారి రాత మొదటివారి రాతను చెరిపేయకుండా గూగుల్ హక్కుల పట్టికలో ‘ఈట్యాగ్’ అనే గుర్తు ఉంటుంది. పట్టిక చదివినప్పుడు ఉన్న గుర్తూ తిరిగి రాసేటప్పుడు ఉన్న గుర్తూ సరిపోకపోతే, మధ్యలో ఎవరో మార్చారని గ్రహించి క్లౌడ్ ఆ రాతను తిరస్కరిస్తుంది. దాచుకున్న ఫైలులోంచి ఈట్యాగ్ వరుసను అడ్డమని తీసేసేవారూ ఉన్నారు. తీసేస్తే పని జరుగుతుంది, రక్షణ పోతుంది.

ఫైలు ఆధారిత పరికరాల్లో మార్పును ముందే సరిచూసుకునే పనికి ‘ప్లాన్’ అనే మెట్టు ఉంది. టెర్రాఫామ్ ప్లాన్ ఏదీ మార్చకుండా, మారబోయేవాటి పట్టిక చూపుతుంది. కూడిక గుర్తుంటే కొత్తది పుడుతుంది, తీసివేత గుర్తుంటే ఉన్నది పోతుంది, తరంగపు గీత ఉంటే ఉన్నదానిలోనే సవరణ. తీసివేతా కూడికా కలిసి కనిపిస్తే అర్థం వేరు: ఉన్నదాన్ని నాశనం చేసి అదే పేరుతో మళ్లీ కడతారని. పక్కనే ‘ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్’ అని రాసి ఉంటుంది. పేరులో ఒక్క అక్షరం దిద్దబోతే డేటాబేసు మొత్తం పోయి కొత్తది ఖాళీగా వచ్చే ప్రమాదం ఈ చిన్న గుర్తు వెనక దాగి ఉంటుంది. ప్లాన్‌లో చదవవలసింది ఈ ఒక్క గుర్తేనన్నా అతిశయోక్తి కాదు. ప్లాన్‌ను మనిషి కాక స్క్రిప్టు చదవాలంటే దానికీ ఏర్పాటు ఉంది. తగిన ఎంపిక ఇస్తే మార్పులేమీ లేకపోతే 0, లోపం ఉంటే 1, మార్పులుంటే 2 అనే ముగింపు అంకెను పరికరం తిరిగి ఇస్తుంది.

ఆ తర్వాతే మార్పును అమలుచేసే ‘అప్లై’. చివరగా, మారిన విలువను మళ్లీ చదివి చూడాలి. ఆదేశం తప్పులేకుండా ముగిసిందంటే కోరిక అందిందని మాత్రమే అర్థం. కొన్ని మార్పులు అన్ని డేటా సెంటర్లకూ చేరడానికి సమయం పడుతుంది. హక్కుల మార్పులు వెంటనే కాక కొన్ని నిమిషాల తర్వాత అమలులోకి రావడం మామూలే.

మారని సెట్టింగులు

కొన్ని విలువలు పుట్టుకతో వచ్చి చివరిదాకా ఉంటాయి. గూగుల్ ప్రాజెక్టుకు మూడు గుర్తింపులుంటాయి. పేరును ఎప్పుడైనా మార్చవచ్చు. 6 నుంచి 30 అక్షరాల మధ్య ఉండే ప్రాజెక్టు ఐడీని ఒకసారి పెట్టాక మార్చడం కుదరదు, ప్రాజెక్టును తొలగించాక కూడా ఆ ఐడీని మరొకరు వాడలేరు. మూడోదైన ప్రాజెక్టు నంబరును గూగులే ఇస్తుంది. ఆరంభంలో సరదాగా పెట్టిన ఐడీ, సంస్థ పెద్దదయ్యాక కూడా ప్రతి చిరునామాలోనూ బిల్లులోనూ వెంటాడుతూనే ఉంటుంది. ఊరి పేరు, వ్యక్తి పేరు, సంవత్సరం ఐడీలో పెట్టకపోవడం మేలు.

ఓపెన్‌స్టాక్ ఈ విషయంలో ఉదారం. అందులో ప్రాజెక్టు పేరు, వివరణ మారతాయి. లోపలి గుర్తింపు సంఖ్య మాత్రం మారదు. ‘ప్రాజెక్ట్ సెట్’ ఆదేశానికి ‘డిసేబుల్’ అని చేరిస్తే ఆ ప్రాజెక్టు పేరిట ఎవరూ లోపలికి రాలేరు. అయితే అప్పటికే నడుస్తున్న యంత్రాలు ఆగవు, నడుస్తూనే ఉంటాయి. కోటా సంగతీ అంతే: సాధారణ అమరికలో ఒక ప్రాజెక్టుకు 10 యంత్రాలు, 20 కోర్లు, 51,200 మెగాబైట్ల మెమరీ హద్దు. ‘కోటా సెట్’తో దీన్ని తగ్గిస్తే కొత్త యంత్రాలు పుట్టవు, ఉన్నవి పోవు.

కోటా పనికొచ్చే మరో చోటు విరుదునగర్ చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలు. 1984లో తమిళనాడు ప్రభుత్వం స్వయంపోషక ఇంజనీరింగు కళాశాలలకు తలుపులు తెరిచింది. కోవిల్‌పట్టిలోని నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీ, శివకాశిలోని మెప్కో ష్లెంక్, కృష్ణన్‌కోవిల్‌లోని కలసలింగం మూడూ ఆ ఏడాది పుట్టినవే. విరుదునగర్‌లో కామరాజ్ కాలేజీ 1998లో వచ్చింది. ఇలాంటి కళాశాలల ప్రయోగశాలలకు కోటాలు చాలా ఉపకరించే సెట్టింగు. తరగతికొక ప్రాజెక్టు పెట్టి, సెమిస్టరు ఆరంభంలో హద్దు పెంచి, పరీక్షలయ్యాక తగ్గించే స్క్రిప్టు పది వరుసలకు మించదు. అదే పనిని బ్రౌజరులో ముప్పై ప్రాజెక్టులకు చేయాలంటే ఒక మధ్యాహ్నం పడుతుంది, చివరి రెండింటిలో ఏదో ఒకటి మరిచిపోవడం దాదాపు ఖాయం.

ప్రాంతం ఎంపిక

విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన పెద్ద క్లౌడ్ సంస్థల ప్రాంతీయ డేటా సెంటర్లు లేవు. ఇక్కడి వినియోగదారుకు దగ్గరిది చెన్నై. అజూర్ 2015లో భారతదేశంలో మొదలుపెట్టిన మూడు ప్రాంతాల్లో చెన్నైలోని సౌత్ ఇండియా ఒకటి, మిగతావి పుణె, ముంబై. గూగుల్‌వి ముంబై, ఢిల్లీ. అమెజాన్ ముంబైలో 2016లోనూ హైదరాబాదులో 2022 నవంబరులోనూ ప్రాంతాలు తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రాన్ని ప్రకటించింది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల తీగకూ పోయి రావడానికి ఒక మిల్లీసెకను. ధరల పట్టికకు ఈ తేడా లెక్కలోకి రాదు. ప్రాంతాల మధ్య ధరలూ అక్కడ దొరికే సేవలూ వేరుగా ఉండడమే అసలు విషయం.

అమెజాన్ హైదరాబాదు ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. 2019 మార్చి 20 తర్వాత తెరిచిన ప్రాంతాలన్నీ అకౌంటులో మూసి ఉంటాయి. ఎవరికి కావాలో వారు తెరుచుకోవాలి. ముంబై పాతది కనుక దానికి ఈ పని అక్కరలేదు. హైదరాబాదును తెరవడానికి ‘అకౌంట్ ఎనేబుల్ రీజియన్’ అనే ఆదేశానికి ‘ఏపీ సౌత్ 2’ అనే ప్రాంత సంకేతాన్ని జోడించాలి. ఇది వెంటనే జరిగిపోయే పని కాదు. అకౌంటులోని వాడుకరులు, హక్కుల సమాచారం ఆ ప్రాంతానికి నకలు కావాలి. కొన్ని నిమిషాలు పట్టవచ్చు, గంటలూ పట్టవచ్చు. ఈలోగా స్థితి ‘ఎనేబ్లింగ్’ అని చూపుతుంది. అది ‘ఎనేబుల్డ్’ అయ్యేదాకా ఆగకుండా తర్వాతి ఆదేశానికి పోయే స్క్రిప్టు, హక్కు లేదన్న జవాబుతో ఆగిపోతుంది. నిజానికి హక్కు ఉంది, అది అక్కడికి ఇంకా చేరలేదు. ప్రాంతాన్ని మళ్లీ మూయవచ్చు కూడా. కానీ మూస్తే అందులో ఉన్న యంత్రాలు తొలగిపోవు, వాటి బిల్లు ఆగదు. వాటిని చూసే దారి మాత్రమే మూసుకుపోతుంది.

సన్నటి నెట్ కనెక్షన్ ఉన్నచోట కమాండ్ లైన్‌కు సహజమైన మేలు ఉంది. ఒక ఆదేశమూ దాని జవాబూ కలిపి కొద్ది కిలోబైట్లు. అదే పని చేసే బ్రౌజరు పేజీ మెగాబైట్లలో దిగుతుంది. ప్రతికూలత ఒకటి ఉంది. టెర్రాఫామ్ వంటివి ఆపరేటరు కంప్యూటరులోనే నడుస్తూ క్లౌడ్‌తో మాట్లాడతాయి. అప్లై మధ్యలో కరెంటో నెట్టో పోతే సగం మార్పులు జరిగి, స్టేట్ మీద తాళం పడి ఉండిపోతుంది. తాళాన్ని ‘ఫోర్స్ అన్‌లాక్’తో తీయవచ్చు గానీ, దాన్ని నిజంగా పట్టుకున్నది ఆగిపోయిన మన పనేనా, మరొకరు నడుపుతున్నదా అని తేల్చుకోకుండా తీయకూడదు. ఇద్దరు ఒకేసారి ఒకే స్టేట్‌ను రాస్తే దాన్ని చక్కదిద్దడం చేతిపనే. నెట్టు నమ్మదగనిదైతే పనిని క్లౌడ్‌లోని ఒక చిన్న యంత్రంలోకి మార్చి, అక్కడ టీమక్స్ లేదా స్క్రీన్ లోపల నడపడం తెలివైన పని. ఇంటి కనెక్షన్ తెగినా అక్కడ పని సాగుతూ ఉంటుంది.

లేబుళ్లు, లిపి

విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టూ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. విజయనగర, మదురై నాయక రాజుల కాలంలో వచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళం వారు, రాజపాళయం రాజులు వీరిలో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వైపు చూస్తే రాజపాళయం రాజుల ప్రస్తావన తప్పదు: చెన్నై నుంచి నడిచే రామ్‌కో సిస్టమ్స్ ఆ ఊరి రామ్‌కో వ్యాపార కుటుంబం పెట్టినదే. సంస్థల లెక్కలనూ జీతాలనూ క్లౌడ్ మీద నడిపే సాఫ్ట్‌వేర్ దాని వ్యాపారం. బడి చదువు తమిళంలో సాగినందున ఇక్కడి తెలుగువారిలో చాలామందికి తెలుగు మాట వస్తుంది, లిపి రాదు. ఒకప్పుడు అలా ఉండేది కాదు. కోవిల్‌పట్టికి దగ్గరలోని ఎట్టయాపురం నుంచి 1904లో సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే, గమకాలకు ప్రత్యేక గుర్తులతో అచ్చయి వెలువడింది.

ఇక క్లౌడ్‌లో తెలుగు లిపి ఎక్కడ చెల్లుతుందన్నది చూద్దాం. గూగుల్ ప్రాజెక్టు ఐడీలో రోమన్ చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప మరేవీ చెల్లవు. ట్యాగుల సంగతి వేరు. అమెజాన్ ట్యాగుల్లో పేరుకు (కీ) 128, విలువకు 256 యూనికోడ్ అక్షరాల దాకా అనుమతి ఉంది. ఒక్కో వనరుకు 50 ట్యాగులు. కనుక తెలుగులోనో తమిళంలోనో ట్యాగు పెట్టవచ్చనిపిస్తుంది. ఇక్కడే ఒక ముడి ఉంది. అనేక అమెజాన్ సేవలు ట్యాగులో ఏ గుర్తులు ఉండవచ్చో చెప్పే నియమంలో అక్షరాలు, అంకెలు, ఖాళీలు, కొన్ని విరామచిహ్నాలను మాత్రమే పేర్కొంటాయి. యూనికోడ్ లెక్కలో తెలుగు హల్లులూ అచ్చులూ అక్షరాలే. గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు అక్షరాలు కావు. అవి ‘గుర్తులు’ అనే వేరే వర్గానికి చెందుతాయి. తమిళంలోనూ అంతే. ఆ నియమాన్ని అక్షరాలా అమలుచేసే చోట ‘కడప’ అన్న ట్యాగు చెల్లుతుంది, ‘నెల్లూరు’ చెల్లదు. లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని రాసిన నియమం భారతీయ లిపుల దగ్గర ఇలా బెసుకుతుంది. ఆచరణలో ట్యాగులను రోమన్‌లో ఉంచి, తెలుగు వివరాలను వేరే పట్టికలో రాసుకోవడమే దారి.

నమోదైన ప్రమాదాలు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రెండో డేటాబేసు సర్వరులోని ఫైళ్లను తొలగించబోయి, ఆ ఆదేశాన్ని మొదటి సర్వరులో నడిపాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపినా సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు. బ్యాకప్ పద్ధతులు చాలా వరకు పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. చివరికి ఆరు గంటల కిందటి నకలుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆదేశంలో అక్షర దోషం లేదు, అది నడిచిన చోటు తప్పు. సంస్థ తర్వాత ప్రకటించిన దిద్దుబాట్లలో ఒకటి, ఏ సర్వరులో ఉన్నారో టెర్మినల్ సూచిక వరుసలోనే స్పష్టంగా కనిపించేలా చేయడం.

ఆ తర్వాతి నెల 28న అమెజాన్ ఎస్3 సేవ ఉత్తర వర్జీనియాలో గంటల తరబడి పడిపోయింది. బిల్లింగు వ్యవస్థలో లోపం వెతుకుతూ కొన్ని సర్వర్లను తప్పించడానికి ఇచ్చిన ఆదేశంలో ఒక విలువ తప్పు పడి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు తప్పుకున్నాయి. అమెజాన్ మనిషిని తప్పుపట్టి ఊరుకోలేదు, పరికరాన్ని మార్చింది. ఆ మార్పు తర్వాత సర్వర్లను అది నెమ్మదిగా తీస్తుంది, కనీస సంఖ్య కంటే కిందికి పోనివ్వదు.

2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్ వారానికి పైగా మూగబోయిన ఉదంతం ఇంకా విచిత్రమైనది. అక్కడ ఎవరూ తప్పు విలువ ఇవ్వలేదు, అసలు విలువే ఇవ్వలేదు. గూగుల్ లోపలి పరికరంతో ఆ ఖాతాదారు క్లౌడ్‌ను ఏర్పాటు చేసినప్పుడు ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ అంటే ఏడాది గడువు అని పరికరం అర్థం చేసుకుంది. ఏడాది తిరిగాక ఆ క్లౌడ్ దానంతటదే తొలగిపోయింది. విడిగా దాచిన నకళ్లు ఉండబట్టి నిధి బతికి బయటపడింది. సెట్టింగుల సవరణలో ఇచ్చినవాటిని సరిచూడడం అందరికీ తెలుసు. ఇవ్వనివాటికి పరికరం దానంతటది ఏం పెడుతుందో చూడడం అరుదు.

హక్కులు, రహస్యాలు

ఆదేశం నడిపే ఖాతాకు ఆ పనికి తగినంత హక్కే ఉండాలి. ధరల పట్టిక లేబుల్ మార్చేవారికి ప్రాజెక్టును తొలగించే అధికారం అక్కరలేదు. రహస్య సంకేతాలను ఆదేశంలో నేరుగా టైపు చేస్తే అవి షెల్ చరిత్ర ఫైలులో మిగిలిపోతాయి. టెర్రాఫామ్ స్టేట్‌లో కూడా విలువలు మామూలు అక్షరాల్లోనే కనిపించవచ్చు కనుక ఆ ఫైలును పంచుకునే గిట్ భాండారంలో పెట్టకూడదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న జాడ అమెజాన్‌లో క్లౌడ్‌ట్రెయిల్, గూగుల్‌లో ఆడిట్ లాగులు ఉంచుతాయి.

కాలానుగుణ సవరణలు, ముగింపు

విరుదునగర్ జిల్లాలోని శివకాశికి దీపావళి ముందు టపాకాయల గిరాకీ, కొత్త సంవత్సరం ముందు క్యాలెండర్ల అచ్చు గిరాకీ ఉంటాయి. ఆర్డర్లు తీసుకునే వెబ్‌సైటు ఉన్నవారు ఆ నెలల్లో గరిష్ఠ యంత్రాల సంఖ్యను పెంచుతారు. పెంచడం ఎవరూ మరిచిపోరు, సైటు నెమ్మదిస్తే కొనుగోలుదారులే గుర్తుచేస్తారు. తగ్గించడం మాత్రం వచ్చే నెల బిల్లు వచ్చాకే గుర్తొస్తుంది. కనుక పెంపు ఆదేశాన్ని రాసినప్పుడే తగ్గింపు ఆదేశాన్ని కూడా తేదీతో సహా రాసి, దానంతటది నడిచేలా ఏర్పాటు చేసుకోవాలి. ఖర్చు హద్దు దాటితే ఈమెయిలు పంపే బడ్జెట్ హెచ్చరికలను కూడా ఆదేశంతోనే పెట్టవచ్చు. కానీ గూగుల్ బడ్జెట్ హెచ్చరిక దానంతటది ఖర్చును ఆపదు, తెలియజేస్తుంది అంతే.

అవసరం తీరిన ప్రాజెక్టును మూసేటప్పుడు గూగుల్‌లో ‘ప్రాజెక్ట్స్ డిలీట్’ అన్నాక 30 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల ‘అన్‌డిలీట్’తో ప్రాజెక్టును వెనక్కి తేవచ్చు. అయితే నిల్వలోని కొన్ని వనరులు ఆ గడువుకు ముందే పోవచ్చు కనుక, తొలగించే ముందు డేటాను వేరేచోటికి దించుకోవాలి. తొలగింపు నుంచి కాపాడుకోవలసిన ప్రాజెక్టు మీద ‘లియన్’ అనే అడ్డు పెట్టవచ్చు. ఆ అడ్డు తీసేదాకా డిలీట్ ఆదేశం తిరస్కారానికి గురవుతుంది.